వంతెన మీద మర్యాద

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘మర్యాద’ అనే మాట వినపడని పూట ఉండేది కాదు. గడప మీద కూర్చోవడం మర్యాద కాదు. పెద్దవాళ్ళు నిలబడి ఉంటే మనం కూర్చోవడం మర్యాద కాదు. అడగకుండా మాట్లాడితే మర్యాద కాదు, అడిగినప్పుడు మాట్లాడకపోతే అసలే కాదు. ఇంతకీ మర్యాద అంటే ఏమిటని ఒకసారి అడిగాను. పెద్దవాళ్ళని అలా నిలదీయడం మర్యాద కాదన్నారు.

నిజానికి ఆ మాటంత గడుసుమాట ఇంకోటి లేదు. పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు ‘మర్యాదలు బాగా జరిగాయి’ అన్నారంటే భోజనాలు బాగున్నాయని అర్థం. ‘ఆ ఇంట్లో బొత్తిగా మర్యాద లేదు’ అన్నారంటే కాఫీ ఆలస్యమైందని. ‘మర్యాదగా చెబుతున్నాను’ అంటే మాత్రం ఇంకాసేపట్లో చొక్కాలు పట్టుకోబోతున్నారని. ఇప్పుడు నేనుంటున్న బెజవాడ పటమటలో, మా అపార్టుమెంటు కింద కార్లు పెట్టుకునే చోట, రోజూ పొద్దున్నే వినపడేది ఈ ఆఖరి రకమే. విందుకీ తిట్టుకీ ఒకే మాట వాడుకునే జాతి మనది, పొదుపరులం.

మా తాతయ్యకు మాత్రం మర్యాద అంటే తిరుగులేని చట్టం. మాది కూచిపూడికి దగ్గర్లో కాలవ ఒడ్డున ఉన్న పల్లెటూరు. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ‘మాస్టారు’ అనేవాళ్ళు. కండువా లేకుండా పెరట్లోకి కూడా వెళ్ళేవారు కాదు. నవ్వొస్తే పెదవులు బిగించి, కండువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రం కదిలిస్తూ నవ్వేవారు. అలా నవ్వడం కూడా మర్యాదే కాబోలనుకుని నేనూ కొన్నాళ్ళు గౌను అంచు నోట్లో పెట్టుకుని నవ్వి మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను.

ఆయన చట్టాల్లోకెల్లా కఠినమైనవి ఇంటికొచ్చినవాళ్ళని సాగనంపడానికి సంబంధించినవి. బయలుదేరుతున్న మనిషిని ‘ఎక్కడికి’ అనకూడదు, ‘ఎందాకా’ అనాలి. వెళ్ళేవాడు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. కాలవ వంతెన దాకా వెంట నడిచి బస్సెక్కించాలి. గడప దాటిన మనిషి వెనక్కి తిరగకూడదు. కొంప అంటుకున్నా సరే, అతన్ని వెనక నుంచి పిలవకూడదు. పిలిచామా, ఏ పని మీద వెళ్తున్నాడో ఆ పని చెడినట్టే. వీటన్నిటికీ పైన ఇంకొకటి ఉండేది. పెద్దమనిషిలో లోటు కనపడితే కనపడనట్టు ఉండాలి. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కొచ్చినా మనం వాన గురించే మాట్లాడాలి.

తాతయ్యకు బెజవాడలో ఒక స్నేహితుడు ఉండేవారు. బట్టల కొట్టు సాయిబుగారు. చిన్నతనంలో ఇద్దరూ ఒకే బళ్ళో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారట. అప్పట్లో ‘ఒరే’ అంటే ‘ఒరే’ అనుకునేవాళ్ళట గానీ, ఈయన హెడ్మాస్టరూ ఆయన షావుకారూ అయ్యాక మాటల్లో ‘అండీ’లు చేరాయి. నేనెరిగేసరికి ఒకరినొకరు ‘బావగారూ’ అని పిలుచుకుంటూ, నువ్వు ముందంటే నువ్వు ముందని వీధి గుమ్మం దగ్గరే సగం పూట గడిపేవాళ్ళు. మా మామ్మ ఆయన్ని ‘అన్నయ్యగారూ’ అనేది. ఆయన మామ్మని ‘చెల్లెమ్మా’ అనేవారు. నేను ‘సాయిబు తాతా’ అనేదాన్ని.

ఒక వానాకాలం ఆయన ఉదయం బస్సుకి దిగారు. మనిషి సంతోషంతో కుదురుగా కూర్చోలేకపోతున్నారు. పెద్దకొడుకు సంబంధం ఆ సాయంత్రమే ఖాయమవుతుందట. బందరు నుంచి పిల్ల తరఫువాళ్ళు బెజవాడలో ఆయన ఇంటికి వస్తున్నారు. పిల్ల తాతగారు బహు పట్టింపు మనిషి, మాట తీరు చూసి మనిషిని కొలుస్తాడు, అన్నీ ఈయనే మాట్లాడాలి. అంత పని పెట్టుకుని కూడా, తాతయ్యతో స్వయంగా చెప్పి వెళ్ళకపోతే మర్యాద కాదని ఇంత దూరం వచ్చారు. మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి గాని ఇంకోటి లేదు. అది పట్టుకుంటే బందరువాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక ఇల్లు చేరతారు.

మామ్మ ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ చేసింది. సాయిబు తాత కడుపునిండా తిని, పెరట్లో నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. అంతలో కాలవ మలుపు అవతల బస్సు హారన్ వినపడింది. “బావగారూ, బస్సు పక్క ఊళ్ళోకి వచ్చేసిందండీ!” అని తాతయ్య వీధిలోంచి కేకేశారు. ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ గబగబా వచ్చి, చెప్పులేసుకుని, గడప దాటి, మామ్మవైపు తిరిగి ‘వెళ్ళొస్తాను’ అనబోయారు. వచ్చిన మాట వేరుగా ఉంది, మెత్తగా, ముద్దగా. ఆయన ఠక్కున తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, తలొక్కటీ ఊపి, ముందుకి నడిచారు. తాతయ్య ఒక్క క్షణం ఆయన ముఖం చూసి, వెంటనే ఆకాశం వంక చూసి, “మళ్ళీ వానొచ్చేట్టుందండీ” అన్నారు.

నేను చేతులు కడుక్కుందామని నూతి దగ్గరికి వెళ్ళాను. నూతి పళ్ళెం పక్కన గాజు గ్లాసు ఉంది. అందులో నీళ్ళున్నాయి. నీళ్ళ అడుగున పళ్ళున్నాయి. పైవరస, కిందవరస, చిగుళ్ళతో సహా. నా వంక చూసి నవ్వుతున్నాయి.

నా కేకకి మామ్మ పరిగెత్తుకొచ్చింది. గ్లాసు చూసింది. “అయ్యో అయ్యో, అన్నయ్యగారి కట్టుడు పళ్ళు! మర్చిపోయి వెళ్ళిపోయాడే మహానుభావుడు!” అని నుదురు కొట్టుకుంది. పిలుచుకొస్తానని నేను వీధిలోకి దూకబోతే జడ పట్టుకుని ఆపింది.

“వెనక నుంచి పిలుస్తావుటే! గడప దాటేశాడు. రేపు ఆ కుర్రాడి సంబంధం చెడితే ఎవరిది పాపం?”

“ఆయనే వెనక్కి రావచ్చుగా మామ్మా?”

“ఆయనెందుకొస్తాడే, కన్న కొడుకు పెళ్ళి మాట మీద బయలుదేరి!”

శకునాల దగ్గర మా కృష్ణా జిల్లాలో మతభేదం లేదు. గుమ్మం దగ్గరే ఆయనకి తెలిసిపోయింది, అయినా వెనక్కి తిరగలేదు. తిరగకపోతే బందరువాళ్ళ ముందు నోరు విప్పలేరు. తిరిగితే కొడుకు పెళ్ళికి అపశకునం. పైగా తనవి కట్టుడు పళ్ళని మా ఇంట్లో అందరి ముందూ చెప్పుకోవాలి. నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడంటారే, ఆ మాట ఆయనకి ఆ పూట అక్షరాలా సరిపోయింది.

మామ్మ చదువుకున్నది తక్కువ, యుక్తి మాత్రం ఎక్కువ. లోపలికి వెళ్ళి తన వక్కపొడి డబ్బా ఖాళీ చేసి, కడిగి, మెత్తటి గుడ్డ వేసి, పళ్ళు అందులో పెట్టి మూత బిగించింది. నా చేతిలో పెట్టి చెప్పిన మాటలు ఇవి:

“చేల గట్టు మీంచి అడ్డంగా పరిగెత్తి వంతెన ఎక్కు. అటునుంచి ఎదురుగా వెళ్ళు. ‘మామ్మ వక్కపొడి ఇమ్మంది’ అను. పళ్ళనే మాట నీ నోట రాకూడదు. ఆయన చేతికే ఇయ్యి, బస్సెక్కాక చూసుకుని పెట్టుకుంటాడు. మీ తాతయ్య చేతిలో పెట్టావో, వీపు చిట్లగొడతాను.”

ముందు రోజు వానకి చేలు నిండి ఉన్నాయి. గట్టు మీద కాలు పెడితే జారుతోంది. రెండుసార్లు పడ్డాను గాని డబ్బా మాత్రం నెత్తిమీదకి ఎత్తి పట్టుకున్నాను. వంతెన ఎక్కి చూస్తే బస్సు కాలవ గట్టు వెంట వస్తూ కనపడుతోంది. ఇటు పక్క నుంచి వాళ్ళిద్దరూ నడిచి వస్తున్నారు. అతిథి కన్నా ముందు నడవకూడదని తాతయ్య అరడుగు వెనక. తాతయ్య వానల గురించి చెబుతున్నారు. సాయిబు తాత తువ్వాలు నోటికి పెట్టుకుని ‘ఊ’ అంటున్నారు. తర్వాత ఎప్పుడో తాతయ్య నాతో చెప్పారు, గుమ్మం దగ్గరే తనకి సంగతి అర్థమైందని. చుట్టం లోటు ఎత్తి చూపకూడదు కనక, ఆ దారంతా కిందటేడు వానలూ అంతకు ముందటి ఏడు వానలూ ఏకరువు పెట్టారట. ఇద్దరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు.

నేను ఎదురు వెళ్ళి నిలబడ్డాను. ఒళ్ళంతా బురద. తాతయ్య ముఖం చిట్లించబోయి, ‘ఆడపిల్ల ఎదురొచ్చింది, మంచి శకునం’ అని సర్దుకున్నారు. నేను డబ్బా చాపి, “సాయిబు తాతా, మామ్మ వక్కపొడి ఇమ్మంది” అన్నాను.

పాపం ఆ పెద్దాయన చెయ్యి గుండె మీద పెట్టుకుని, వద్దన్నట్టు తలూపారు. చుట్టం మొదటిసారి వద్దంటే వద్దని కాదని మా ఇంట్లో నేర్పారు కనక మళ్ళీ చాపాను. ఆయన మళ్ళీ తలూపారు. “తీసుకో తాతా, మంచి వక్కపొడి” అన్నాను, ఏడుపు గొంతుతో. పళ్ళు లేని మనిషిని పట్టుకుని వక్క తినమని ప్రాణం తీస్తున్న నన్ను చూసి ఆయనకి ఏమనిపించి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ జాలీ కలిసి వస్తాయి.

అప్పుడు తాతయ్యలో మర్యాద నిద్ర లేచింది. ఇంటి ఇల్లాలు పంపించినది వెనక్కి పోతే ఆమెకి అవమానం. అతిథిని బలవంతం చేస్తే అతిథికి ఇబ్బంది. ఆయన మధ్యేమార్గం కనిపెట్టారు.

“పోనీలెండి బావగారూ, మీ బదులు నేనో పలుకు వేసుకుంటాను. ఇలా తేవే.”

నేను డబ్బా వెనక్కి దాచుకున్నాను. తాతయ్య అడిగితే ఇవ్వకపోవడం మర్యాద కాదు. ఇస్తే వీపు మిగలదు. అడకత్తెరలో పోకచెక్కనై దిక్కులు చూస్తుంటే ఆయన చనువుగా నా చేతిలోంచి డబ్బా తీసుకున్నారు. అదే సమయానికి బస్సు వచ్చి మా పక్కనే ఆగింది. తాతయ్య మూత తీశారు.

మూత తీసిన ఊపుకి పైవరస కొంచెం బయటికి వచ్చి నిలబడింది. కిటికీల్లోంచి చూసేవాళ్ళకి అది బాగా కనపడింది. “ఓర్నాయనో, పళ్ళండోయ్! మాస్టారి చేతిలో పళ్ళ సెట్టు!” అన్నాడు కండక్టరు. బస్సంతా ఘొల్లుమంది. పాల క్యాన్లతో నిలబడ్డ ఆవిడా నవ్వింది, గేదెల్ని తోలుకెళ్తున్నవాడూ ఆగి నవ్వాడు. “ఎవరియండీ అవి?” అని ఎవరో అరిచారు. అడగక్కర్లేదు. తువ్వాలు నోటికి పెట్టుకున్న మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు.

సాయిబు తాత తల దించుకున్నారు. బెజవాడ బజారులో ఆయన కొట్టు ముందు నుంచి పోతూ నమస్కారం పెట్టనివాళ్ళు ఉండరని మామ్మ చెప్పేది. ఆ మనిషి బస్సు ఎక్కడానికీ లేక, వెనక్కి పోవడానికీ లేక, తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. తువ్వాలు ఇంకా గట్టిగా నోటికి అదుముకున్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చేసింది. ఆ క్షణాన ఆయన ఆ బస్సు ఎక్కరని, అలాగే నడుచుకుంటూ ఎటో వెళ్ళిపోతారని అనిపించింది.

తాతయ్య డబ్బా మూత పెట్టి సాయిబు తాత చేతికిచ్చారు. భుజం మీది కండువా తీసి నాకిచ్చారు. వీధిలో ఆయన కండువా తీయడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత బస్సు వైపు తిరిగి, బొటనవేలు నోట్లో పెట్టి, ఒక్క ఊపున పైవరస ఊడదీశారు. ఆ వెంటనే కిందవరస. రెండూ అరచేతిలో పెట్టుకుని, క్లాసులో సుద్దముక్క చూపించే తీరులో కిటికీల ముందుకి చెయ్యి చాపారు.

“ఇవి నావి. అవి మా బావవి. నవ్వేవాళ్ళు రెండూ చూసి నవ్వండి, తొందరేం లేదు,” అన్నారు.

పళ్ళు లేని నోటితో ఆయన అన్నది ఇలా లేదు. నేను అచ్చులో సరిచేసి రాస్తున్నాను.

కిటికీల్లోంచి బయటికొచ్చిన తలలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. నాకైతే కాళ్ళ కింద వంతెన కదిలినట్టయింది. తాతయ్యకి కట్టుడు పళ్ళా! ఇన్నేళ్ళూ మామ్మకి తప్ప ఊళ్ళో పిట్టకి కూడా తెలియదు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పైకి వచ్చి, మా తాతయ్య ఎవరో వేరే తాతయ్యలా ఉన్నారు. ముందు నవ్వింది సాయిబు తాత. తువ్వాలు జారిపోయింది. పళ్ళు లేని నోరు బార్లా తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, “ఒరే, నీక్కూడానా! నాతో చెప్పలేదేరా!” అన్నారు.

“నువ్వు మాత్రం చెప్పావుట్రా?” అన్నారు తాతయ్య.

‘బావగారూ’ అనడం, ‘అండీ’ అనడం ఇద్దరూ మర్చిపోయారు. వంతెన కింద రేవులో దిగి పళ్ళు కడుక్కున్నారు. “చూసుకుని పెట్టుకోరా, నావి పెట్టుకుపోయేవు,” అని తాతయ్య హెచ్చరిస్తే, “నీవెందుకురా నాకు, వాటికి ఉర్దూ రాదు,” అన్నారు సాయిబు తాత. అంతసేపూ బస్సు కదల్లేదు. డ్రైవరు బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. కండక్టరు తానే దిగి వచ్చి, “రండి బాబాయిగారూ, ముందు సీట్లో కూర్చుందురుగాని,” అని సంచి అందుకున్నాడు. బస్సు కదులుతుంటే సాయిబు తాత కిటికీలోంచి తల బయటపెట్టి, “వెళ్ళొస్తానురా!” అని అరిచారు. ఈసారి ప్రతి అక్షరం విడివిడిగా వినపడింది. సంబంధం ఆ సాయంత్రమే ఖాయమైందని మర్నాడు కబురొచ్చింది.

తిరిగి వస్తుంటే చేల గట్టు మీదుగా నడిచాం. నా మనసులో ఒకటే తొలుస్తోంది. ఉండబట్టలేక, “తాతయ్యా, నువ్వు మర్యాద తప్పావు కదా?” అన్నాను. ఆయన కోప్పడలేదు. పక్క చేలో ఒక రైతు పారతో గట్టుకి గండి కొట్టి నిలవ నీళ్ళు కాలవలోకి వదులుతున్నాడు. తాతయ్య అక్కడ ఆగి, ఆ మాట పుట్టుక చెప్పారు.

మర్యాద సంస్కృతం నుంచి వచ్చిన మాటట. పుట్టినప్పుడు దానికి గౌరవాలతోను, కాఫీలతోను సంబంధం లేదు. హద్దు, పొలిమేర, ఏటి ఒడ్డు, ఇవీ దాని అర్థాలు. సముద్రం దాటి రాకుండా ఆగే చెలియలికట్ట కూడా మర్యాదే. ఆ హద్దు దాటకుండా బతకడాన్ని కూడా అదే మాటతో పిలిచారు. పోగా పోగా అలా బతికేవాడి నడవడికీ, ఇంటికొచ్చిన మనిషిని వాడు ఆదరించే పద్ధతికీ అదే పేరు వచ్చింది. మట్టిలో ఉన్న గట్టు మెల్లగా మనుషుల్లోకి ఎక్కింది. సంస్కృతంలో ‘మర్య’ అంటే మనిషి, నలుగురు మనుషులూ కూడి ఒప్పుకుని పెట్టుకున్నది కనకే ఆ పేరు వచ్చిందని పూర్వం కొందరు పండితులు చెప్పారట. అది ఎంతవరకు నిజమో తనకి తెలియదు గాని, వినడానికి బాగుంటుందన్నారు.

“మనుషులు వేసుకున్న గట్టేనే అది. చేను కోసం వేసుకున్నది. చేను మునుగుతుంటే గండి కొట్టాలి, నీళ్ళు పోయాక మళ్ళీ పూడ్చుకోవాలి. చేనెటు పోయినా నా గట్టు నిలవాలనేవాణ్ణి రైతనరు.”

అని, నా చేతిలోంచి కండువా తీసుకుని మళ్ళీ భుజాన వేసుకున్నారు. గట్టు పూడ్చుకోవడం అప్పుడే మొదలైంది.

ఇంటికి వెళ్ళేసరికి మామ్మ వీధి అరుగు మీద నిలబడి ఉంది. “ఆయన చేతికే ఇచ్చావా?” అంది. నేను జవాబు చెప్పేలోపు తాతయ్య ఆమె ముందు నిలబడి, పెదవులు విప్పి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వారు. మామ్మకి జరిగిందంతా అర్థమైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని అరుగు మీద కూలబడి నవ్వింది. నాకు కూడా ఆ పూట చాలా సంగతులు అర్థమయ్యాయి. జంతికలు పైత్యం చేస్తాయని తాతయ్య ఎందుకనేవారో, చెరుకుముక్కలు ఎప్పుడూ నాకే ఎందుకు ఇచ్చేసేవారో.

ఊళ్ళో ఆ కథ చాలా రోజులు నడిచింది. తాతయ్యని చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు, కాదనను. కాని ఆయన దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళు అప్పటినుంచే ఎక్కువయ్యారు. అంతకుముందు అరుగు దిగువ నిలబడి మాట్లాడేవాళ్ళు, అరుగెక్కి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ళవాళ్ళ లోట్లు కూడా ఆయనకే చెప్పుకునేవాళ్ళు.

నేనూ ఆయన బాటలోనే పంతులమ్మనై, బెజవాడ బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠం తప్పు చదివి ఓ పిల్ల నవ్వులపాలైతే, మిగతావాళ్ళని ‘నోర్ముయ్యండి’ అని గద్దించడం సులువు. దానివల్ల నవ్వు ఆగుతుంది గాని తల పైకి లేవదు. నేను ఆ పిల్ల బల్ల దగ్గరికి వెళ్ళి, నా చిన్ననాటి తప్పు ఒకటి, అంతకన్నా పెద్దది, అందరూ వినేట్టు చెప్పేదాన్ని. తప్పులకి నాకేం కొరత లేదు. క్లాసంతా నన్ను చూసి నవ్వేది, ఆ పిల్ల కూడా నవ్వేది.

నా పళ్ళు ఇప్పటికీ నావే, దేవుడి దయ. కాని నలుగురిలో ఎవరి ముఖమైనా చిన్నబోయి, కళ్ళు చెప్పుల మీదకి దిగినప్పుడు, నా ప్రమేయం లేకుండానే బొటనవేలు నా నోటి దగ్గరికి వెళ్తుంది.